ముందు ఎవరిది

స్టూలు మీద నిలబడి సుచిత్ర సజ్జ మీది నల్ల డబ్బాకు చెవి ఆనించింది. లోపల టక్, టక్ అని, కాసేపు ఆగి మళ్లీ టక్ మంటోంది. గోడలో బల్లి పలికినట్టుంది ఆ చప్పుడు. వంటింట్లో అన్నం పొంగు వాసన వస్తోంది. ఒక చేత్తో సజ్జ అంచు పట్టుకొని రెండో చేత్తో ఫోను డబ్బా దగ్గర పెట్టి, మళ్లీ తన చెవి దగ్గరికి తెచ్చుకుంది.

"ఇన్నవా అన్వేష్? నిన్నటి సంది గిట్లనే కొట్టుకుంటాంది."

"ఇన్న అక్కా," అన్నాడు కొంపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే అన్వేష్. "లోపల హార్డ్‌డిస్క్ పోతాంది. ఎంతసేపు పలుకుతదో నేను చెప్పలేను. కొత్త డిస్క్ తీసుకపోయినవు గదా, డబ్బా ఎనక తగిలియ్యి. ముఖ్యమైనయి ముందు కాపీ పెట్టు. ఒక్క ముచ్చట యాది పెట్టుకో. ఏ ఫైలు కాడనన్న ఆగిపోతే పట్టుకొని గుంజకు. ఎంబడే స్కిప్ కొట్టి ఇడిసిపెట్టు. గుంజితే మొత్తానికే పోతది."

"సరే."

"కక్కుర్తి పడొద్దు అక్కా."

ఆమె స్టూలు దిగి పరుగున వెళ్లి అన్నం వార్చింది. మళ్లీ వచ్చి స్టూలెక్కింది. కొత్త డిస్కు తీగను డబ్బా వెనక చేత్తో తడుముతూ తగిలించింది. దిగింది. గంజి మీద మూత పెట్టలేదని గుర్తొచ్చి మళ్లీ వంటింట్లోకి నడిచింది. సుచిత్ర ఒక చోట నిలబడి పని చేయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కూర్చున్నా కుడికాలు ఆడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ రుక్కమ్మ ఆమెను కాలుగాలిన పిల్లి అనేది.

మేడ్చల్ బస్సు డిపో వెనక సందులో ఉన్న ఆ ఇంట్లో ఇద్దరన్నదమ్ములు ఉంటున్నారు. పెద్దవాడు పరమేష్, సుచిత్ర భర్త, బడి బస్సు నడుపుతాడు. తెల్లవారగానే వెళ్లిపోయాడు. చిన్నవాడు బాలేష్ శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తాడు. డబ్బా కొని తెచ్చింది బాలేషే. ఇంటి నెట్‌వర్క్‌కు తగిలిస్తే రెండు టీవీలూ, అందరి ఫోన్లూ దానిలోంచే సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు తీసుకుంటాయి. కొనడం వరకే అతని పని. ఎవరి ఫోను నిండిపోయినా అందులోవి తీసి డబ్బాలో పెట్టడం, పేర్లు రాయడం, ఏ ఏడాదివి ఆ ఏడాదిలో సర్దడం సుచిత్ర పని అయిపోయింది. ఫోటో ల్యాబులో చేసేది కదా, ఆమెకు తెలుస్తుంది అన్నారు. ఆమె కూడా కాదనలేదు.

ఈరోజు బాలేష్ బౌరంపేట్ వెళ్లిపోతున్నాడు. భార్య పద్మలతకు అక్కడి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఫ్లాటు చూసుకున్నారు. కొడుకు బబ్లూను చూసుకునే మనిషి కావాలి కనుక తల్లి దుర్గాబాయి కూడా వాళ్లతోనే వెళుతోంది. పద్మలత, బబ్లూ ముందే ఆటోలో వెళ్లారు. సామాను బండి సాయంత్రం పొద్దు వాలకముందే కదలాలి. అందులో వెళ్లాల్సినవాటిలో డబ్బా కాపీ ఒకటి. గిన్నెలు, బీరువాలు పంచుకుంటే ఒకరికి తగ్గుతుంది. ఇది మాత్రం ఇద్దరికీ పూర్తిగా వస్తుందని బాలేష్ సంబరపడ్డాడు.

"వదినా, బబ్లూగాని బర్త్‌డేలు ముందు పెట్టు," అన్నాడతను మంచం నవారు విప్పుతూ. "తర్వాత ఏదన్న పెట్టు."

దుర్గాబాయి గడప దగ్గర కూర్చొని పచ్చడి జాడీ మూతికి గుడ్డ కడుతోంది. సన్నటి మనిషి. ముడి వేసేటప్పుడు గుడ్డ కొసను పంటితో పట్టుకుంటుంది.

"అత్తమ్మా, మామ సన్నాయి రెండోదిగ పెడ్తున్న," అంది సుచిత్ర.

"నీ ఇష్టం," అంది దుర్గాబాయి పంటి మధ్య గుడ్డతోనే.

మామ సోమయ్య పెళ్లిళ్లకు సన్నాయి ఊదేవాడు. ఎవరెవరో టేపుల్లో పట్టి ఇచ్చినవి ఒక రేకు పెట్టెలో పడి ఉండేవి. కోడలిగా వచ్చిన కొత్తల్లో సుచిత్ర ఆ పెట్టె తెరిచింది. క్యాసెట్లకు బూజు పట్టింది. దూది పుల్లలతో తుడిచి, ఒక్కొక్కటీ తెగిపోకుండా తిప్పి, భోజనం వేళ ల్యాబులో కూర్చొని కంప్యూటర్లోకి ఎక్కించింది. "నా ఊపిరి తీసి డబ్బాల పెడ్తున్నవా బిడ్డా," అని ముసలాయన నవ్వాడు. ఎక్కించాక టేపులు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. పారేశారు. సోమయ్య పోయాక దుర్గాబాయి మధ్యాహ్నం తిన్న తర్వాత టీవీ ముందు చాప వేసుకొని ఆ సన్నాయి పెట్టుకుంటుంది. కళ్లు మూసుకొని పడుకుంటుంది. నిద్రపోయిందనుకొని ఆపితే, "ఇంటున్న," అంటుంది.

సుచిత్ర ఫోనులో వరుస పెట్టింది. ముందు బబ్లూ, తర్వాత సన్నాయి, తర్వాత పెళ్లిళ్లు, సినిమాలు, చివర మిగిలినవి. కాపీ మొదలైంది. ఎక్కడున్నా ఫోనులోంచే దాన్ని చూడొచ్చు, వరుస మార్చొచ్చు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకొని బయటికి నడిచింది. సందు చివర దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి సజ్జ మీద డబ్బా దీపం వెలుగుతోందా అని తొంగిచూసి వెళ్లింది.

ఫోటో ల్యాబు మేడ్చల్ పెద్ద రోడ్డు మీద, మందుల దుకాణం పైన ఉంది. రోడ్డు పనుల దుమ్ము అద్దాల మీద పేరుకుంటే ఆమె కూర్చునే చోట పగలు కూడా లైటు వేయాల్సిందే. అక్కడే ఆమె వయసు గడిచింది. పెళ్లికూతుళ్ల మొహాలకు వెలుగు పెంచుతుంది. కళ్లు మూసుకున్న తల్లులకు ఇంకో ఫోటోలోంచి తెరిచిన కళ్లు తెచ్చి అతికిస్తుంది. ఆల్బమ్ చూసినవాళ్లు ఫోటోగ్రాఫరును మెచ్చుకుంటారు. ఈ పని చేసే మనిషి ఒకరున్నారని ఎవరికీ తెలియదు. తెలియాలని ఆమెకూ లేదు.

"సుచిత్రమ్మా, పెళ్లికొడుకు నాన్నగారు పోయారటండీ," అన్నాడు ల్యాబు యజమాని వెంకటేశ్వరరావు. భీమవరం వైపు మనిషి. పనివాళ్లందరినీ అండీ అనే అంటాడు. "ఇదిగో ఆయన ఫోటో. దంపతుల వెనకాల నిలబెట్టాలన్నారు. సాయంత్రానికల్లా అయిపోవాలి."

ఆధార్ కార్డు నుంచి తీసిన ఫోటో. మనిషి కోపంగా చూస్తున్నాడు. సుచిత్ర ఆయన భుజాలకు ఎవరిదో చొక్కా తొడిగింది. పెదవి కొసలు కాస్త పైకి లేపింది. మధ్యమధ్య బల్ల కింద ఫోను వెలిగించి చూసుకుంటోంది. బబ్లూ మొదటి పుట్టినరోజు వచ్చింది. రెండోది వచ్చింది. కాపీ ఎంత అయిందో చూపే గీత మెల్లగా కదులుతోంది. ఒక్కో చోట నిలబడి, మళ్లీ కదులుతోంది. ఆమె లేచి నీళ్లు తాగింది. కూర్చుంది. గాజులు మోచేతి దాకా తోసుకుంది. చనిపోయిన ఆయన చొక్కా రంగు రెండుసార్లు మార్చింది.

భోజనం వేళకు ముందే పుట్టినరోజులన్నీ అయిపోయాయి. తర్వాత సన్నాయి వంతు.

సుచిత్ర వేలు తెర మీద ఆగింది. ఆ వరుసలో అడుగున, సినిమాల కింద, 'అమ్మ' అని ఒక ఫోల్డరు ఉంది. అందులో ఒకటే వీడియో. కనురెప్ప వేసినంతసేపు పట్టదు. దాని తర్వాత సన్నాయి ఎలాగూ వస్తుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆమె సన్నాయిని ఆపి, 'అమ్మ'ను పైకి జరిపింది.

రుక్కమ్మ అలియాబాద్‌లో ఉండేది. జీవితమంతా శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లింది. తీగలు కత్తిరించడం, గుత్తులు కోయడం, పెట్టెల్లో గడ్డి పరిచి సర్దడం. ఆ డబ్బుతోనే కూతురిని ఇంటర్ దాకా చదివించి, మేడ్చల్లో కంప్యూటరు నేర్పించింది. తోటలు ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. చివరి తోట కొట్టేసిన ఏడాది సుచిత్ర వెళ్లి ఫోనులో ఒక వీడియో తీసింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. రుక్కమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన అంబులెన్సు వెనక తలుపు మూసుకోవడమే సుచిత్ర చూసిన చివరి చూపు. శవాన్ని కూడా చూపించలేదు. ఫోను నిండిపోయినప్పుడు వీడియోను డబ్బాలో పెట్టింది. కొన్నాళ్లు చూడలేకపోయింది. తర్వాత చూద్దాం, చూద్దాం అనుకుంటూ ఉండిపోయింది.

గీత సగంలో ఆగింది.

ఆమె ఎదురుచూసింది. కదలలేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. కింద స్కిప్ అని బటన్ వచ్చింది. పట్టుకొని గుంజకు అన్నాడు అన్వేష్. సుచిత్ర బొటనవేలు బటన్ మీదికి తెచ్చింది. అక్కడే ఉంచింది. నొక్కలేదు.

ఇంకాసేపు, అనుకుంది. ఇంటి దగ్గర సజ్జ మీద డబ్బా ఎలా కొట్టుకుంటోందో ఆమెకు ఇక్కడికే వినిపిస్తున్నట్టుంది. సన్నాయి దాని వెనకే నిలబడి ఉంది. పెళ్లిళ్లు నిలబడి ఉన్నాయి. కిటికీ దాకా వెళ్లింది. కింద రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తూ అదే పనిగా కూస్తోంది. తిరిగి వచ్చి కూర్చుంది.

"ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు వెంకటేశ్వరరావు.

"ఏం లేదు సార్."

"భోంచేయలేదు మీరు."

"తింట."

తినలేదు. పనిచేస్తూ కూడా ఎడమచేతిలో ఫోను వదలలేదు. ఒకసారి స్కిప్ నొక్కబోయి, అమ్మ గొంతు ఎలా ఉండేదో తలుచుకోవడానికి ప్రయత్నించింది. ఏం రాలేదు. మాటలు గుర్తున్నాయి. కాలుగాలిన పిల్లి అనేది గుర్తుంది. కానీ ఆ మాటలు సుచిత్ర తలలో సుచిత్ర గొంతుతోనే పలికాయి. ఆమె బొటనవేలు తీసేసింది.

చాలాసేపటికి గీత ఒక్కసారిగా చివరికి పోయింది. పక్కన పచ్చ గుర్తు పడింది. సుచిత్ర కుర్చీలో వెనక్కి వాలింది. సన్నాయి ఫోల్డరు పేరు తెర మీదికి వచ్చింది. గీత మొదలు కాలేదు. ఆ తర్వాత డబ్బా పేరే కనిపించకుండా పోయింది. ఆపి మళ్లీ తెరిచింది. దొరకడం లేదు అని వచ్చింది. మళ్లీ తెరిచింది.

ఆల్బమ్‌లో ఆ చనిపోయిన తండ్రి, కొడుకు వెనక నిలబడి కాస్త నవ్వుతున్నాడు. ఆమె ఆ పేజీని యజమాని కంప్యూటరుకు పంపి, సంచి తీసుకుంది.

"సార్, ఇంటికి పోవాలె. మా అత్తమ్మ ఇయ్యాల పోతాంది."

ఇంట్లో ముందుగది సగం ఖాళీ అయింది. గోడల మీద బీరువా ఉన్నంత మేర రంగు వెలవకుండా మిగిలింది. సుచిత్ర చెప్పులు కూడా విప్పకుండా స్టూలెక్కింది. టక్ మనే చప్పుడు లేదు. సన్నగా గీకుతున్న మోత ఉంది. అన్వేష్‌కు ఫోను కలిపి డబ్బాకు ఆనించింది.

"బంద్ చెయ్యి అక్కా," అన్నాడతను వెంటనే. "లోపల గీసుకపోతాంది. ఇగ ఎవ్వరు తియ్యలేరు. స్కిప్ కొట్టలేదా?"

ఆమె డబ్బా వైరు పీకింది. మోత ఆగిపోయింది.

కొత్త డిస్కు చేతిలో పట్టుకొని దిగింది. బాలేష్ బయట బండివాడితో కలిసి ఫ్రిజ్‌కు తాళ్లు బిగిస్తున్నాడు. దుర్గాబాయి లోపలి గదిలో చీరలు మూట కడుతోంది. సుచిత్ర వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తమ్మా, మామ సన్నాయి రాలే."

"రాలేదంటే?"

"పోయింది. ఇగ రాదు. నేనే పోగొట్టిన." ఆగకుండా చెప్పేసింది. "రెండోది సన్నాయి ఉండె. దాన్ని ఆపి మా అమ్మది ముందు పెట్టిన. అది ఇరుక్కున్నది. ఇడిసిపెట్టుమన్నడు అన్వేష్. నేను ఇడవలే. అది వచ్చింది, డబ్బా పోయింది."

మూట ముడి మీద దుర్గాబాయి చేతులు ఆగాయి. ఆమె కోడలి మొహం చూడలేదు. ముడినే చూసింది.

"మీ అమ్మ ఏమంటది అండ్ల?"

"ఏమనది. ఫోను బంద్ చెయ్యమంటది."

"గంతేనా?"

"గంతే."

బయట బండివాడు తాడు లాగమని అరుస్తున్నాడు. దుర్గాబాయి ముడి విప్పి మళ్లీ కట్టసాగింది.

"నన్ను అడిగి పెడ్తే నేను కాదంటుంటినా?"

సుచిత్ర డిస్కు తీగను వేలికి చుట్టుకుంది.

"కాదంటుంటినేమో," అంది దుర్గాబాయి మళ్లీ తనే. "గందుకే అడగలే నువ్వు."

ముడి బిగించి మూటను పక్కకు నెట్టింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చుంది. ఆ వంటింట్లో ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకరి గిన్నె ఒకరు కడిగారు, ఒకరి మీద ఒకరు సణిగారు. ఇలా ఎదురెదురుగా పని లేకుండా కూర్చోవడం తెలియదు.

"చూపెట్టు," అంది దుర్గాబాయి.

సుచిత్ర పాత లాప్‌టాప్ తెచ్చి డిస్కు తగిలించింది. తెర మీద వరుసగా పాతిన రాతి కడీలు, వాటి మధ్య ఇనుప తీగలు, కొట్టేసిన ద్రాక్షతీగల కుప్ప. కుప్ప పక్కన పాత చొక్కా వేసుకొని, తలకు తువ్వాలు చుట్టుకున్న రుక్కమ్మ. ఎండకు కళ్లు చికిలించి కెమెరా వైపు చేయి విసిరింది. "బంద్ చెయ్యవే. నా మొకం ఏం సూస్తవు, గా తోట సూడు. మల్ల కనబడదు." బొంగురు గొంతు. చివర్లో కాస్త జీర. ఫోను ఆ మాట విని తోట వైపు తిరిగింది. తీగల కుప్పలు, దూరంగా బుల్‌డోజరు. రుక్కమ్మ కనిపించడం లేదు. "సూసినవా? ఇగ బంద్ చెయ్యి," అని పక్కనుంచి వినిపించింది. అయిపోయింది.

సుచిత్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గొంతు మర్చిపోయిన అత్తమ్మా. మొకం యాదికున్నది. గొంతు ఎంత తలుచుకున్నా రాకపాయె."

సుచిత్ర కాలు ఆడుతోంది. దుర్గాబాయి చెయ్యి చాపి ఆ మోకాలి మీద పెట్టింది. బరువుగా, అదిమినట్టు పెట్టింది.

"మల్ల పెట్టు," అంది.

మళ్లీ చూశారు. రుక్కమ్మ మళ్లీ కసురుకుంది.

"పెండ్లి మాటలప్పుడు గిట్లనే మాట్లాడింది నాతోటి," అంది దుర్గాబాయి. "నా బిడ్డకు వంట రాదు, చేసుకుంటే చేసుకోండ్రి అన్నది. నాకు కోపమొచ్చింది. మీ మామ నవ్విండు." కొంగుతో ముక్కు తుడుచుకొని లేచింది. "ఆయన ఊదింది నా చెవులల్ల ఉన్నది. డబ్బాల లేకుంటే ఏమాయె. నువ్వు బాలేష్‌కు ఏం చెప్పకు. డబ్బా ఖరాబైందని నేను చెప్త."

"నేనే చెప్త అత్తమ్మా."

"చెప్పకు అన్న గదా."

బాలేష్ చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. డబ్బా పోయిందని తల్లి చెప్పింది. అతను సజ్జ వైపు చూశాడు.

"ఇంకో డిస్క్ అప్పుడే వెయ్యాల్సిండె. నేనే ఇగ చూద్దాం తియ్యి అన్న." వదిన వైపు తిరిగాడు. "బబ్లూగానివి వచ్చినయా?"

"వచ్చినయి," అంది సుచిత్ర.

"సాలు తియ్యి వదినా."

తండ్రి సన్నాయి సంగతి అతనికి తట్టలేదు. ఎప్పుడు తడుతుందో, బౌరంపేట్‌లో సామాను సర్దుకున్నాక ఏ ఆదివారం తడుతుందో. సుచిత్ర డిస్కును అతని చేతికి ఇచ్చింది. రుక్కమ్మ వీడియోను అప్పటికే లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది.

బండి ముందు సీట్లో దుర్గాబాయిని ఎక్కించారు. పచ్చడి జాడీ ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి కోడలిని దగ్గరికి పిలిచింది. సుచిత్ర తలుపు పట్టుకొని నిలబడింది. ఏదో అనబోతుందనుకుంది.

"పప్పుల ఉప్పు జర తక్కువెయ్యి. పరమేష్‌కు బీపీ ఉన్నది."

"సరే అత్తమ్మా."

"నిలబడి తినకు. కూసోని తిను."

బండి కదిలింది. డిపో గోడ పక్కనుంచి వెళ్లి, మలుపు దగ్గర ఒక బస్సు పోయేదాకా ఆగి, తిరిగిపోయింది. దుర్గాబాయి వెనక్కి చూడలేదు. జాడీ మూత మీద రెండు చేతులూ పెట్టుకొని రోడ్డునే చూస్తోంది.

సుచిత్ర లోపలికి వచ్చింది. నిలబడలేకపోయింది. చీపురు తీసుకొని ముందుగది ఊడ్చింది. తాళ్ల ముక్కలు, కాగితాలు, మంచం కింద ఎన్నాళ్ల నుంచో పడి ఉన్న బబ్లూ గోళీలు ఊడ్చింది. అత్త పడుకునే చోటు ఊడ్చింది. పొద్దు వాలుతోంది. పరమేష్ బస్సు పెట్టి వచ్చే వేళయింది. దీపం పెట్టాలని, చాయ పెట్టాలని గుర్తొచ్చింది. వంటింటి వైపు రెండడుగులు వేసి, కిటికీ రెక్క మూయలేదని వెనక్కి వచ్చింది.

కిటికీ గట్టు మీద, చాప వేసుకునే చోటికి చేయి చాపితే అందేలా, పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసిన టీవీ రిమోట్ ఉంది. దుర్గాబాయికి చదువు రాదు. సోమయ్య పోయాక పెట్టుకోవడం మానేసిన మెరూన్ స్టిక్కరు బొట్టు ఒకటి, సన్నాయి మొదలయ్యే బటన్ మీద గుర్తుగా అతికించి ఉంది. బొటనవేలు రోజూ నొక్కీ నొక్కీ దాని నడిమి రంగు వెలిసిపోయింది.